ఆలుమగల దౌరా

నిజాం జమానాలో ఆదిలాబాద్ అడవిలోని గూడేలు పులికంటే ఎక్కువ భయపడింది దౌరాకు, అంటే సర్కారు మనుషుల పర్యటనకు. తహసీల్దారో, గిర్దావరో, జంగ్లాత్ చౌకీదారో బయలుదేరాడంటే ముందురోజే కబురు అందేది. సామానుకు బండ్లు, బండ్లకు ఎడ్లు, వంటకు కోళ్లు, డేరా దగ్గరికి కట్టెలు, నీళ్లు మోయడానికి మనుషులు, అన్నీ ఊరే పెట్టాలి. కిరాయి అడిగే ధైర్యం ఎవరికుంటుంది? కరీంనగర్ మైదానంలో దొరల గడీల వెట్టి గురించి మనం చాలా చదివాం. గోదావరి అవతల సర్కారు మనుషులు దౌరా పేరుతో చేయించుకున్న వెట్టి గురించి అంత రాయలేదు. రాయగలిగినవాళ్లు అటు పోలేదు, పోయినవాళ్లేమో దౌరా మీద పోయినవాళ్లే.

నాది కరీంనగర్. 1980లలో జైనూర్ దిక్కు బడిపంతులుగా పనిచేశాను. మా బడి పక్కింటి గోండు పెద్దాయన దౌరా సంగతులు నవ్వుతూ చెప్పేవాడు. కబురు తెలియగానే బండి చక్రాలు ఊడదీసి చొప్పవాము వెనక దాచేవాళ్లట. చక్రాల్లేని బండిని చూసి వచ్చినవాడు నోటికొచ్చినట్టు తిట్టి పోయేవాడట. "తిట్లు మోయడానికి ఎడ్లు అక్కర్లేదు కదా సార్" అనేవాడు ఆ పెద్దాయన.

అట్లాంటి బండ్ల బాటలోకి 1941లో ఒక జంట వచ్చింది. భర్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్, 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. అంతకుముందే నాగా కొండల్లో తిరిగి పుస్తకం రాసిన మనిషి. భార్య ఎలిజబెత్ బర్నార్డో, అందరికీ బెట్టి. 1938లో పెళ్లయింది, 1939లో ఇద్దరూ ఇండియా వచ్చారు, అంతలోనే యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లర్ ముందు సంవత్సరమే కలిపేసుకున్నాడు. దాంతో హైమండార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, ఇంగ్లిషు సర్కారు లెక్కలో ఆయన శత్రుదేశపు మనిషి. నిర్బంధ శిబిరంలో గడవాల్సిన యుద్ధకాలం నిజాం రాజ్యం ఎల్లల్లో గడిచేటట్టు ఏర్పాటు జరిగింది. రాజ్యం దాటిపోవద్దన్న ఆంక్ష మీద ఉన్న మనిషి, ఆ రాజ్యంలో అసలు హైదరాబాద్ హాకింలకు పేర్లయినా తెలియని మూలలన్నీ చూశాడు. 1940లో నల్లమల చెంచుల దగ్గర, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, అక్కడినుంచి ఆదిలాబాద్ రాజగోండుల దగ్గర. ప్రతిచోటా పక్కన బెట్టి ఉంది.

ఆదిలాబాద్‌కే సర్కారు ఎందుకు పంపింది? ఈ ప్రశ్నను చాలామంది మర్యాదగా దాటేస్తారు. 1940లో జోడేఘాట్ దగ్గర గోండు నాయకుడు కుమ్రం భీంను, ఆయన వెంట ఉన్నవాళ్లను నిజాం పోలీసులు కాల్చి చంపారు. తరతరాలుగా దున్నుకున్న భూమిని జంగ్లాత్ హద్దుల్లో కలిపేసి, పశువులు మేపినా, కట్టె కొట్టినా పైసలు గుంజిన కథ ఆ తుపాకుల వెనక ఉంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలన్న బుద్ధి సర్కారుకు ఆ రక్తం చూశాకే పుట్టింది. 1940లలో రెవెన్యూ చూసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ బస్తర్ మారియా గోండుల మీద 1938లోనే పుస్తకం రాసినవాడు కాబట్టి, ఇట్లాంటి పనికి ఎట్లాంటి మనిషి కావాలో ఆయనకు తెలుసు. హైమండార్ఫ్ ఒక్కడే వచ్చి గోండులను ఉద్ధరించాడన్నట్టు సభల్లో మాట్లాడితే నాకు ఒంటికి పట్టదు. ఆయనకు దారి తెరిచింది భీం.

ఆ దారి ఎట్లా ఉండేదో కొంచెం చెప్పాలి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929కి పూర్తయింది. రైలులో వస్తే ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగి కెరమెరి ఘాట్ ఎక్కాలి. లేదంటే హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే పెద్దబాట పట్టి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ మీదుగా పోయి ఉట్నూర్ వైపు తిరగాలి. ఇప్పుడది 44వ నంబరు జాతీయ రహదారి. మా కరీంనగర్ వాళ్లకు మూడో దారి కూడా ఉంది, ధర్మపురి దిక్కున గోదావరి దాటి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూర్. ఇప్పుడు రాయపట్నం వంతెన మీద రెండు నిమిషాల్లో దాటే నదిని అప్పుడు ఎండాకాలం ఇసుకలో బండి తోలుకుని, వానాకాలం పడవ కోసం కాచుకుని దాటేవాళ్లు. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రవాణా మొదలుపెట్టిన మాట నిజమే, కానీ ఆ బస్సులు తిరిగింది పెద్దబాటల మీద. ఏ దిక్కునుంచి వచ్చినా చివరికి మిగిలేది బండి, గుర్రం, లేకుంటే సొంత కాళ్లు.

ఉట్నూర్ పైభాగమంతా నల్లరేగడి. నాలుగు వానలు పడితే బండి చక్రం కుండె దాకా దిగుతుంది. ఎండాకాలం అదే నేల ఇనుములా గట్టిపడి, పాత చక్రాల గాడిలోకే బండిని గుంజుతుంది. బాగున్న రోజుల్లో కూడా ఎడ్లబండి నడక గంటకు రెండు మైళ్లే. డేరాలు, బియ్యం, కాయితాలు, ఫొటో పెట్టెలు, సినిమా తీసే కెమెరా, వాటి రీళ్లు, అన్నీ ఆ నడకతోనే కదలాలి. అంత మెల్లగా పోయేవాడికి బాట పక్క చేనులో ఎవరున్నారో, నిరుడు దున్నిన చేను ఈసారి ఎందుకు పడావు పడిందో, ఏ గూడెంలో ఇండ్లు ఖాళీగా ఉన్నాయో అడగకుండానే తెలుస్తాయి. హైమండార్ఫ్ నివేదికల్లో ఊరి పేరుతో సహా కనిపించే భూమి తగాదాలు చదివినప్పుడల్లా, ఇవి జీపులో పోయినవాడికి దొరికేవి కావనిపిస్తుంది.

ఆలుమగలు కలిసి ఊరూరూ తిరగడం ఆ అడవికి వింత కాదు. గోండుల వంశకథలు పాడే తోటి తెగవాళ్లు అట్లాగే తిరిగేవాళ్లు. మగమనిషి కింగ్రి వాయిస్తే ఆడమనిషి గొంతు కలిపేది, పగటిపూట ఆడవాళ్లకు పచ్చబొట్లు పొడిచేది. అట్లాగే కథలు చెప్పే ప్రధాన్లు పంట చేతికొచ్చే కాలానికి తమ గోండు దాతల ఇండ్లకు ఎంత దూరమైనా పోయి కథ చెప్పి ధాన్యం తెచ్చుకునేవాళ్లు. హైమండార్ఫ్ పుస్తకానికి ప్రాణం ఆ ప్రధాన్లు చెప్పిన కథలే. ఇక గోండుల్లో మెస్రం వంశం సంగతి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా పూజ కోసం జన్నారం దగ్గరి హస్తినమడుగుకు కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తారు. ఎక్కడెక్కడి మెస్రం కుటుంబాలో ఎడ్లబండ్ల వరసల్లో వచ్చి మర్రిచెట్ల కింద దిగుతాయి. అప్పటిదాకా దేవుణ్ణి చూడని కొత్త కోడళ్లను తెల్లచీరల్లో తీసుకొచ్చి భేటింగ్, అంటే దేవుడికి పరిచయం, చేయిస్తారు. ఆ వంశంలో పెళ్లయిన ఆడమనిషికి అత్తగారి దేవుడి ముందు తన పేరు పడేది ఆ ప్రయాణం చేశాకే.

కేస్లాపూర్ జాతరలోనే దౌరా తలకిందులైంది కూడా. జాతరకు వేలమంది ఎట్లాగూ వస్తారు కదా, అధికారులే వచ్చి అక్కడ కూర్చుని ఫిర్యాదులు వినాలని 1940లలో హైమండార్ఫ్ దర్బార్ పెట్టించాడు. అది ఈనాటికీ నడుస్తోంది. మంత్రుల ప్రసంగాలు పొడుగైనకొద్దీ ఫిర్యాదుల సమయం పొట్టిదవుతోందన్నది వేరే మాట.

ఆ జంట మకాం పెట్టింది మార్లవాయిలో. ఇప్పుడది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. 1943లో అక్కడే గోండు పిల్లల బడి, ఆ బడులకు కావలసిన గోండు పంతుళ్ల శిక్షణ మొదలయ్యాయి. నాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. సేతుమాధవరావు పగ్డి వంటి అధికారి గోండి నేర్చుకుని మరీ ఆ పనిని ముందుకు నడిపాడు. గోండి రాని నేను నలభై ఏళ్ల తర్వాత అక్కడే గోండు పిల్లలకు తెలుగులో లెక్కలు చెప్పాను. వెనక్కి పోయింది ఎవరో చెప్పనక్కర్లేదు. అప్పుడే లావుణీ పట్టాల కింద ఆదివాసులకు లక్షన్నర ఎకరాలకు పైగా భూమి రాసిచ్చారు. 1945లో హైమండార్ఫ్ నిజాం సర్కారుకు గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు. అంటే ఆయనా దౌరా చేసిన సర్కారీ మనిషే, మరిచిపోకూడదు.

1949 తర్వాత వాళ్లు లండన్ వెళ్లారు. అక్కడ సోయాస్ (ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థ)లో ఆయన పాఠాలు చెప్పాడు, నేపాల్ షెర్పాల మీద పని చేశాడు. 1970లలో ఇద్దరూ ఆదిలాబాద్‌కు మళ్లీ వచ్చినప్పుడు బండ్ల బాట మీద బస్సులు తిరుగుతున్నాయి. ఉట్నూర్, జైనూర్, నార్నూర్ బజార్లయ్యాయి. రోడ్డు మీద డాక్టరు వచ్చాడు, పంతులు వచ్చాడు, మైదానపు సాహుకారీ వచ్చాడు. 1940లలో పట్టా అయిన భూములు చేతులు మారిన వైనం ఆయన 1982 నాటి పుస్తకంలో ఊరూరి లెక్కతో ఉంది. ఆ పుస్తకానికి ముందు ఏడే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో పోలీసులు గోండుల మీద కాల్పులు జరిపారు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ ఊరి పేరు బస్సులో గట్టిగా పలికేవాళ్లు కాదు.

రోడ్డు వెంట ఎవరొస్తారన్న ఈ సంగతి మొన్న మళ్లీ గుర్తొచ్చింది. డల్లాస్‌లో ఉండే మా మేనకోడలు, ఆమె భర్త కారులో అర్జెంటీనా దాకా పోదామని పటాలు ముందేసుకుని కూర్చున్నారు. అలాస్కా నుంచి అక్కడిదాకా పాన్ అమెరికన్ రోడ్డు దాదాపు 30,000 కిలోమీటర్లు. అంత రోడ్డులో పనామా, కొలంబియాల మధ్య డేరియన్ దగ్గర వంద కిలోమీటర్ల అడవిలో మాత్రం రోడ్డే లేదు, కారును ఓడలో ఎక్కించాలి. "అక్కడ రోడ్డెందుకు వెయ్యరు మామయ్యా?" అని ఫోన్లో విసుక్కుంది. ఆ అడవిలో ఎంబెరా, గునా ఆదివాసులున్నారు, రోడ్డుతో పాటు ఎవరెవరొస్తారోనని వాళ్లకు భయం. జైనూర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ఆ భయం అర్థమైందని చెప్పాను. ఆమెకు ఓడ కిరాయి దిగులు.

మళ్లీ ఆ జంట దగ్గరికి వస్తే, బెట్టి గురించి మనవాళ్లు అన్యాయంగా తక్కువ రాశారు. 1948లో వచ్చిన రాజగోండుల పుస్తకం లోపలి అట్ట మీద ఆమె సహకారంతో రాసినట్టు ఉంది, అంతకుముందు కొండరెడ్ల పుస్తకం మీదా ఉంది. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచి మూడు సంపుటాలు 1958 నుంచి 1970 దాకా ఆమె కూర్చింది. 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయికి తెచ్చి సమాధి చేశారు. ఏటా ఆ రోజున ఊరు ఆమెకు పూలు పెడుతుంది. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుది కూడా ఆ ఊరే. హైమండార్ఫ్ 1995లో లండన్‌లో పోయాడు. కొడుకు నికొలస్‌ను గోండులు తమ ఊరి పెద్ద పేరుతో లచ్చు పటేల్ అని పిలుస్తారు. తండ్రి అస్థికలను ఆయన 2012లో తెచ్చి తల్లి పక్కనే పెట్టాడు.

బెట్టి రాసుకున్న డైరీలు లండన్‌లో సోయాస్ భాండారంలో ఉన్నాయి. ఎడ్లకు కిరాయి ఎంతిచ్చారో, బండి ఎక్కడ దిగబడిందో, ఏ గూడెం వీళ్లను చూసి చక్రాలు దాచిందో, దౌరా చరిత్ర రాయదలచిన కుర్రాళ్లెవరైనా ముందు వెతకాల్సింది అందులో. ఉట్నూర్, జైనూర్ కాలేజీల నుంచి గోండి తెలిసిన పిల్లలు పోయి చదివితే మరీ మంచిది. మార్లవాయి చుట్టూ ఉన్న వాగులు, మలుపులు, చేన్లు వాళ్లకు పేర్లతో సహా తెలుసు.