టార్చ్ రిపోర్టులో మొదటి వరస

హాలియాలోనో మిర్యాలగూడలోనో గర్భం నిలవని ఆడపిల్లకు చాలాసార్లు టార్చ్ పరీక్ష రాస్తారు, తల్లి నుంచి బిడ్డకు సోకే జబ్బులను వెతికే రక్తపరీక్ష అది. రిపోర్టులో మొదటి వరస టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిది. ఐజీజీ అనే యాంటీబాడీ ఎదురుగా ‘పాజిటివ్’ అని కనిపిస్తే ఇంటి పిల్లిని తరిమేస్తారు, కోడలి మీద మాట పడుతుంది. ఆ పరీక్ష ఎట్లా పుట్టిందో తెలిస్తే ఆ నింద ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

1908లో ట్యునిస్‌లోని పాశ్చర్ సంస్థలో షార్ల్ నికోల్, లూయీ మాన్సో ఒక ఎలుకజాతి జంతువులో ఈ పరాన్నజీవిని చూశారు. విల్లులా వంగి ఉంది కనుక గ్రీకు భాషలోని విల్లు పేరే పెట్టారు. పసిపిల్లలతో దానికున్న సంబంధం బయటపడడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. 1938 మేలో న్యూయార్క్‌లో ఆపరేషన్‌తో పుట్టిన ఒక ఆడశిశువుకు మూడో రోజే ఫిట్స్ మొదలయ్యాయి, నెల తిరిగేసరికి ప్రాణం పోయింది. తల్లి కడుపులోనే ఈ జబ్బు బిడ్డకు సోకుతుందని వుల్ఫ్, కోవెన్, పైజ్ అనే వైద్యులు 1939లో ఆ బిడ్డ ద్వారానే లోకానికి చూపారు.

ఎందరికి సోకిందో లెక్కపెట్టే దారి 1948లో దొరికింది. మన పోలియో చుక్కల సేబిన్, ఫెల్డ్‌మన్‌తో కలిసి రక్తంలో దీని యాంటీబాడీలను పట్టే పరీక్ష తయారుచేశాడు. పిల్లి పాత్ర తేలింది మాత్రం 1970 ప్రాంతంలో. ఆ పని చేసినవారిలో భారతదేశంలో పుట్టిన జె.పి. దుబే ఒకరు. పిల్లి మలంతో బయటపడే గుడ్లలాంటి తిత్తులు తడిమట్టిలో ఏడాదికి పైగా బతుకుతాయి. అయితే పిల్లి వాటిని సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు రెండు మూడు వారాలే విడుస్తుంది. ఏళ్లుగా ఇంట్లో తిరిగే పిల్లి కంటే మట్టి, కడగని ఆకుకూర, మరగని నీళ్లు ఎక్కువ అనుమానించదగినవి. 2004లో కోయంబత్తూరులో ఎందరికో ఒక్కసారిగా కంటిజబ్బు వచ్చినప్పుడు వేలు తాగునీటి జలాశయం వైపే చూపింది.

ఫ్రాన్స్ 1978లో టాక్సోప్లాస్మా పరీక్షను చట్టంలో పెట్టింది. అక్కడ 1995లో 54.3 శాతం గర్భిణులకు అంతకుముందే సోకి ఉంది. 2010కి అది 36.7కు దిగింది. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2014లో ప్రచురించిన లెక్కలో మన దేశపు సంతాన వయసు స్త్రీలలో సగటున 22.4 శాతం మందిలో ఐజీజీ ఉంది; పడమటన 8.8, దక్షిణాదిన 37.3 శాతం. కొత్తగా సోకిందేమోనని సూచించే ఐజీఎం 1.43 శాతంలోనే కనిపించింది. ఏటా 56 వేల నుంచి లక్షా 76 వేల మంది దాకా పిల్లలు ఈ ముప్పుతో పుడుతుండవచ్చని వాళ్ల అంచనా.

ఆ 22.4కూ 1.43కూ మధ్యనున్న దూరమే అసలు సంగతి. ఐజీజీ పాత గాయపు మచ్చ వంటిది. గర్భానికి ముందెప్పుడో సోకి ఉంటే, ఆరోగ్యంగా ఉన్న తల్లి నుంచి బిడ్డకు దాదాపు భయం ఉండదు. మళ్లీ మళ్లీ గర్భం పోవడానికి దాన్ని కారణం చేయకూడదు. ముప్పంతా గర్భంతో ఉన్నప్పుడు మొదటిసారి సోకితేనే. తొలి నెలల్లో బిడ్డకు చేరడం తక్కువ, చేరితే దెబ్బ పెద్దది. చివరి నెలల్లో చేరడం ఎక్కువ, పుట్టినప్పుడు బిడ్డ బాగానే కనిపిస్తుంది. ఐజీఎం కూడా నెలల తరబడి రక్తంలో ఉండిపోతుంది కనుక, ఎప్పుడు సోకిందో చెప్పే ఎవిడిటీ పరీక్ష చేయకుండా మందులు మొదలుపెట్టడం, గర్భం తీయించుకోమనడం నాకు సబబుగా తోచదు.

ఇక మట్టి సంగతికి వస్తే, 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద హాలియా నుంచి కోదాడ దాకా పొలాలు తడిశాయి. నాట్లు వేసేదీ కలుపు తీసేదీ ఆడవాళ్లే. నెల తప్పినా నెలల తరబడి మడిలో దిగుతారు. సరిగా ఉడకని మాంసంతోనూ ఇది సోకవచ్చు కానీ మన మాంసం కూర బాగా ఉడుకుతుంది, అది ఒక రక్షణ. పొలం గట్టు మీద సద్దిమూట విప్పేముందు సబ్బుతో చేతులు కడుక్కునే వీలు మాత్రం ఎందరికి ఉంటుంది?

కడుపులో సోకిన బిడ్డకు కంటి లోపలి పొర (రెటీనా) మీద మచ్చ పదేళ్లకో ఇరవై ఏళ్లకో బయటపడవచ్చు. అప్పుడు చూపు మసకేసిందని కంటి ఆసుపత్రికి వెళ్లే పిల్లవాడి చీటీలో తల్లి గర్భం నాటి ఊసే ఉండదు.