గింజ దాచుకునే హక్కు: లైనక్స్ చరిత్ర మన వైపు నుంచి

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్ మూలగదిలో తొమ్మిది కంప్యూటర్లు ఉన్నాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మావి నాలుగో తరంవి. చూడ్డానికి వచ్చిన మెకానిక్ అన్న "ఇవి ఇంక పాత సామాన్లోడికే" అని చెప్పి వెళ్లిపోయాడు. గదికి తాళం పడింది. మాలో సగం మందికి ఇంటి దగ్గర కంప్యూటర్ అనేదే లేదు. రికార్డులు, ప్రాజెక్టులు అన్నీ ఆ గదిలోనే చేసుకోవాలి.

నేనూ నా రూమ్మేటూ వార్డెన్ సార్‌ని బతిమాలి ఒక కంప్యూటర్ అడిగి తీసుకున్నాం. పెన్ డ్రైవ్‌లో లైనక్స్ మింట్ ఎక్కించి పెట్టాం. గంట కూడా పట్టలేదు. బ్రౌజర్, లిబ్రే ఆఫీస్, తెలుగు కీబోర్డు అన్నీ పనిచేశాయి. ప్రింటర్ ఒక్కటే మొండికేసింది, దానికి మూడు రోజులు పోయాయి. ఆ మూడు రోజుల్లోనే ఈ చరిత్రంతా చదివాను. అసలు ఈ కథ మొదలైందే ఒక ప్రింటర్ దగ్గరని అప్పుడే తెలిసింది.

అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద యూనివర్సిటీ. 1980 ప్రాంతంలో అక్కడి ల్యాబుకి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే ఎవరికీ తెలిసేది కాదు, జనం ఊరికే ఎదురు చూస్తుండేవాళ్లు. అంతకుముందున్న ప్రింటర్‌కి రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్ మార్చి, కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వచ్చేలా చేశాడు. కొత్తదానికీ అట్లాగే చేద్దామని సోర్స్ కోడ్ అడిగితే ఇవ్వలేదు. అది ఉన్న మనిషి ఎవరికీ చూపించనని కంపెనీకి సంతకం పెట్టి ఉన్నాడు. సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామ్‌ని మనిషి చదివి మార్చగలిగేలా రాసిన మూలం. అది లేకపోతే వస్తువు మన ముందున్నా దాని లోపలికి మనకు దారి లేనట్టే.

ఆ కోపం స్టాల్‌మన్‌కి పోలేదు. 1983 సెప్టెంబరులో గ్నూ అనే పని ప్రకటించాడు. ఎవరైనా వాడొచ్చు, లోపల చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. 1989లో దానికి జీపీఎల్ అనే లైసెన్సు రాశాడు. అందులో ఒక మెలిక ఉంది: నువ్వు మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే, దాని మూలం కూడా ఇదే షరతు మీద ఇవ్వాలి. తీసుకుని తాళం వేసుకోవడం కుదరదు.

1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని నెట్‌లో కబురు పెట్టాడు. వయసు 21, నాకంటే ఒక్క ఏడాది పెద్ద. యూట్యూబ్‌లో దీన్ని "కష్టపడితే ఎవరైనా సాధించొచ్చు" అన్నట్టు చెబుతారు, నాకది నచ్చదు. ఆయన అమ్మానాన్నలు జర్నలిస్టులు, తాత యూనివర్సిటీ ప్రొఫెసర్. చిన్నప్పుడు ఆ తాత కంప్యూటర్ మీదే నేర్చుకున్నాడు. మనలో చాలామందికి తాత వేలిముద్ర వేసేవాడే. నాకు ముఖ్యం అనిపించింది 1992లో ఆయన చేసిన పని: తన లైనక్స్‌ని జీపీఎల్ కిందికి తెచ్చాడు. దాంతో అది ఒక్కడిది కాకుండా పోయింది. ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ ఆ లైనక్సే.

ఇది మనకెందుకు అంటారేమో. మా తండా వినుకొండ అవతల, బొల్లాపల్లి వైపు. మా యాడి ఎర్రగా పండిన మిరపకాయలు ఏరి, ఎండబెట్టి, గింజ తీసి, బూడిద కలిపి కుండలో దాచేది. లాం ఫారం వాళ్ల 334 రకం అయితే గింజ తీసి మళ్లీ నాటినా అదే కాయ వస్తుంది. హైబ్రిడ్ గింజకి అది కుదరదు, రెండో ఏడు పైరు తలా ఒక రకంగా లేస్తుంది. ఏటా ప్యాకెట్ కొనాల్సిందే.

పత్తిలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. అందులో దగ్గర దగ్గర 1,250 ఆ జన్యువు సొంతదారుకి పోయే రాయల్టీనే! 2006లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కి వెళ్లి కొట్లాడితే ధర 750కి దిగింది. ధర దిగిందిగానీ గింజ మాత్రం మన చేతికి రాలేదు. 2001 నాటి విత్తన రకాల చట్టం రైతుకి గింజ దాచుకునే, పంచుకునే, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. కానీ దాచినా పనికిరాని గింజ చేతికిస్తే ఆ హక్కుతో ఏం చేస్తాం?

లైసెన్సు కీ కొని వాడే సాఫ్ట్‌వేర్ నాకు ఆ ప్యాకెట్ లాగే కనిపిస్తుంది. పక్కోడికి ఇస్తే తప్పు, విప్పి చూస్తే తప్పు, కంపెనీ సపోర్టు ఆపిన రోజు మంచి మిషన్ కూడా పాత సామానే. లైనక్స్ 334 లాంటిది. తేడా ఏందంటే, పంచుకున్నవాడు తర్వాతి వాళ్లకి అడ్డుపడకుండా జీపీఎల్ కాపలా ఉంది. గింజల చట్టంలో ఆ కాపలా లేదు.

ఇక తెలుగు సంగతి. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ వాడే అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టిన పద్ధతి అది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. ఉచితంగా పంచుకునే వైపు కెనడాలో ఉండే తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఇచ్చారు. రెడ్‌హ్యాట్ లోహిత్ తెలుగు ఇచ్చింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ 2000ల మధ్యలో డెబియన్ లైనక్స్‌ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టింది. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు కూర్చుని మెనూల్లో మాటలు ఒక్కొక్కటీ తెలుగు చేశారు.

అందులో నాకు అభ్యంతరాలు ఉన్నాయి. తెలుగు మెనూల్లో ఫైల్‌ని "దస్త్రం" అన్నారు. మా యాడికి దస్త్రం అంటే ఎమ్మార్వో ఆఫీసే గుర్తొస్తుంది! అయితే ఇక్కడ ఒక్క సుఖం ఉంది: నచ్చని మాటకి బదులు ఇంకో మాట పంపొచ్చు, వాదించొచ్చు, ఒప్పుకోకపోతే మన కాపీలో మనమే మార్చుకోవచ్చు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే అర్జీ పెట్టుకుని కూర్చోవడమే.

ఈ తేడా మన భాషల దగ్గరికొచ్చేసరికి చాలా పెద్దది. గిడుగు రామమూర్తి పంతులు గారిని వాడుక భాష కోసమే తలుచుకుంటారు. ఆయన సవరల దగ్గర సవర భాష నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు వేయించారని మన గ్రూపులో ఎంతమందికి తెలుసు? ఆ రోజుల్లోనే, 1936లో, సవర మనిషే అయిన మంగై గొమాంగో ఒడిశాలో సొరాంగ్ సోంపెంగ్ లిపి కట్టాడు. ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికేసరికి 2012 వచ్చింది, అంటే 76 ఏళ్లు. ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో వచ్చింది. ఈ రెండింటికీ ఇవాళ నోటో ఫాంట్లు ఉన్నాయి, ఎవరైనా తీసుకుని మార్చుకోగల లైసెన్సుతో. గిడుగు గారి పేరుతో ఉన్న తెలుగు ఫాంటు కూడా అట్లాంటి లైసెన్సుదే.

సవర మాట్లాడేవాళ్లు కొన్ని లక్షల మంది. ఏ కంపెనీకైనా అది చిన్న మార్కెట్టే. మన గోర్ బోలికి సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటాం. ఆ మాటలకి స్పెల్ చెక్ ఎవరో చేసి అమ్ముతారని నేను అనుకోను. లిబ్రే ఆఫీస్‌లో అయితే మాటల జాబితా ఒకటి తయారు చేసి కలుపుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కేరళలో ఐటీ అట్ స్కూల్ అని 2001లో మొదలైంది. తర్వాత కొన్నేళ్లకే ప్రభుత్వ స్కూళ్లు లైనక్స్‌కి మారాయి, పిల్లలు మలయాళంలోనే నేర్చుకుంటున్నారు. బెంగళూరులో ఒక బస్తీ పిల్లల కోసం పాత కంప్యూటర్లలో లైనక్స్ ఎక్కించి అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపారు. 2015లో కేంద్రం కూడా ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌నే ముందు చూడాలని విధానం తెచ్చింది. అయినా మన వైపు ఉద్యోగ ప్రకటనల్లో "ఎంఎస్ ఆఫీస్ వచ్చి ఉండాలి" అనే రాస్తారు. మా సీనియర్ అక్క ఇదే అడిగింది, "రేపు ఇంటర్వ్యూలో లైనక్స్ వచ్చు అంటే నవ్వరా తమ్ముడూ?" అని. నవ్వొచ్చు. అందుకే నేను రెండూ నేర్చుకుంటున్నాను, మీకూ అదే చెబుతాను.

ఇంకో నిజం కూడా చెప్పాలి. హాజరు వేసే వేలిముద్ర మిషన్‌కి లైనక్స్ డ్రైవర్ లేదు, దానికోసం ఒక కంప్యూటర్‌లో విండోస్ అట్లాగే ఉంచాం. ప్రింటర్ మాత్రం మూడో రోజు రాత్రి పలికింది. ఎవరో ఎక్కడో రాసి పెట్టిన డ్రైవర్‌తో. ఆ మనిషి పేరు కూడా నాకు తెలియదు.

ఇప్పటికి నాలుగు కంప్యూటర్లు లేచాయి, ఐదు మిగిలాయి. వార్డెన్ సార్ ఆదివారం తాళం ఇస్తానన్నారు. 8 జీబీ పెన్ డ్రైవ్ ఉన్నవాళ్లు తీసుకురండి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఫొటోలు ముందే తీసి పెట్టుకోండి. గోర్ బోలి, ఎరుకల, చెంచు మాటలు తెలిసినవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక వంద మాటలు నోట్‌బుక్‌లో రాసుకుని రండి.