స్కాలర్‌షిప్ అడిగే రెండు ప్రశ్నలు: బరోడా నుంచి పాండేసర దాకా

సిలబస్ లింకు: మెయిన్స్ జీఎస్-1 (ఆధునిక భారత చరిత్ర), జీఎస్-2 (బలహీన వర్గాల సంక్షేమం, సమాఖ్య వ్యవస్థ), వ్యాసం పేపరు.

మిత్రులారా, విదేశీ విద్యా స్కాలర్‌షిప్ అనగానే మనం పథకం పేరు, ఆదాయ పరిమితి, సీట్ల సంఖ్య బట్టీ పట్టేస్తాం. ప్రిలిమ్స్‌కి అది సరిపోతుంది. మెయిన్స్‌లో మాత్రం వీటి వెనక ఉన్న ఆలోచన రాయాలి. ఈ పోస్టులో ఒకే ఒక వాదన పెడుతున్నాను. విదేశాలకు పంపే స్కాలర్‌షిప్ ఏదైనా అభ్యర్థిని రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఒకటి: "తిరిగొచ్చి ఎవరికి పనిచేస్తావు?" రెండు: "నువ్వు ఎక్కడివాడివి?" సంస్థానాల కాలంలో మొదటి ప్రశ్న పెద్దది. నేటి రాష్ట్రాల పథకాల్లో రెండోది పెద్దదైంది. ఈ మార్పులో ఎవరు జారిపోయారో చూద్దాం.

1. మొదటి తరం: ఎడిన్‌బరో నుంచి హైదరాబాద్‌కు

19వ శతాబ్దంలో భారతీయ విద్యార్థికి ఇంగ్లండ్ చదువు దాదాపు డబ్బున్న కుటుంబాలకే పరిమితం. ఆ గోడకు పడిన మొదటి కన్నాల్లో గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ ఒకటి. 1882లో ఎడిన్‌బరో వెళ్లిన ప్రఫుల్ల చంద్ర రాయ్ దాన్ని గెలుచుకున్నవారే. ఆయనకంటే ముందు అదే దారిలో వెళ్లి 1877లో డీఎస్సీ పొందిన బెంగాలీ అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఆయన తిరిగొచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. ఇప్పటి నిజాం కాలేజీ చరిత్ర ఆయన పేరుతోనే మొదలవుతుంది.

ఆయన కూతురు సరోజిని 1879లో హైదరాబాద్‌లో పుట్టారు. 1895లో, పదహారేళ్ల వయసులో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లి లండన్ కింగ్స్ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జ్ గిర్టన్ కాలేజీలో చదివారు. ఆమెను మనం భారత జాతీయ కాంగ్రెస్ అధ్యక్షురాలిగా (1925), తొలి మహిళా గవర్నర్‌గా గుర్తుపెట్టుకుంటాం. మన వాదనకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. ఆమె వలస కుటుంబం బిడ్డ. కుటుంబం బెంగాలీ, ఇల్లు హైదరాబాద్. డబ్బు ఇచ్చిన ప్రభుత్వానికి అది అడ్డు కాలేదు.

2. బరోడా ఒప్పందం, 1913

రెండో ఉదాహరణ మీకు తెలిసిందే, కానీ ఈ కోణంలో చూడండి. భీమ్‌రావ్ అంబేద్కర్ కుటుంబం మూలాలు రత్నగిరి జిల్లాలో ఉన్నాయి. ఆయన పుట్టింది మధ్య భారతంలోని మౌ కంటోన్మెంట్‌లో. చదివింది బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో. అంటే పుట్టుకతో బరోడా సంస్థాన ప్రజ కాదు. అయినా మహారాజా మూడవ శాయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చి, 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. షరతు ఒక్కటే: తిరిగొచ్చి పదేళ్లు బరోడా కొలువులో పనిచేయాలి.

ఆ పత్రం అడిగింది పూర్తిగా మొదటి ప్రశ్న. "ఎక్కడివాడివి" అన్నది అడగలేదు. అయితే పత్రం అడగని ప్రశ్నను ఊరు అడిగింది. 1917లో ఆయన ఒప్పందం ప్రకారం బరోడా వచ్చి ఉద్యోగంలో చేరారు. కులం కారణంగా అద్దెకు గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. కొద్ది రోజుల్లోనే బొంబాయి తిరిగి వెళ్లిపోయారు. కొలంబియా పట్టా ఉన్న మనిషికి బరోడాలో పడుకునే చోటు లేదు.

ఇక్కడ ఒక పాయింటు గుర్తుంచుకోండి. స్కాలర్‌షిప్ మనిషిని సముద్రం దాటించగలదు, తిరిగొచ్చిన తర్వాత నిలబడే నేలను అది ఇవ్వలేదు. అంబేద్కర్‌కు ఇది తెలుసు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా (1942–46) ఉన్నప్పుడు షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల చదువుకు కేంద్రం నుంచి నిధులు రాబట్టారు. బరోడా మీద కోపం మాత్రం పెట్టుకోలేదు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద కొలంబియాకు సమర్పించిన పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చినప్పుడు దాన్ని శాయాజీరావుకే అంకితం ఇచ్చారు.

3. ఎదురు దిశలో ఒక తెలుగువాడు

బరోడా అధ్యాయంలో మనవాళ్లూ ఉన్నారు. చిత్తూరు జిల్లాకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్ కాలేజీలో చదివారు. తిరిగొచ్చాక శాయాజీరావు ఆయన్ను బరోడా కాలేజీకి వైస్ ప్రిన్సిపాల్‌గా పిలిచారు. అరవింద ఘోష్ ఒకప్పుడు చేసిన పదవి అది. అక్కడి నుంచి మైసూరు సంస్థాన విద్యాశాఖకు, చివరికి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతి పదవికి చేరారు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు.

చిత్తూరు, కేంబ్రిడ్జ్, బరోడా, మైసూరు, విశాఖ. ఈ వరుసలో ఎక్కడా ఆయన "నాన్-లోకల్" కాలేదు.

ఇంత చెప్పాక సంస్థానాల కాలాన్ని స్వర్ణయుగం అనకండి, మార్కులు పోతాయి. అది హక్కు కాదు, దయ. రాజుగారి దృష్టిలో పడ్డ ఒకరికి దక్కింది, పడని వేలమందికి దక్కలేదు. పైగా "ఎక్కడివాడివి" అన్న ప్రశ్న అప్పుడే పుడుతోంది. హైదరాబాద్ సంస్థానం 1919 ముల్కీ నిబంధనలతో ప్రభుత్వ ఉద్యోగానికి 15 ఏళ్ల నివాసం అడగడం మొదలుపెట్టింది.

4. దయ నుంచి హక్కుకు

స్వాతంత్ర్యం తర్వాత రెండు పాయలు కనిపిస్తాయి.

మొదటిది విదేశాలు ఇచ్చేవి. భారత్–అమెరికా ఫుల్‌బ్రైట్ ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న కుదిరింది. కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌లు 1959లో, బ్రిటన్ వారి చీవెనింగ్ 1983లో వచ్చాయి. వీటిలో బరోడా షరతు ఇప్పటికీ బతికే ఉంది. చీవెనింగ్ పొందినవారు చదువు ముగిశాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఫుల్‌బ్రైట్ వీసాకూ రెండేళ్ల స్వదేశ నివాస నియమం ఉంది. దరఖాస్తులో నాయకత్వం గురించి, భవిష్యత్ ప్రణాళిక గురించి రాయించే వ్యాసాలు అడిగేది ఆ పాత మొదటి ప్రశ్ననే: తిరిగొచ్చి ఏం చేస్తావు?

రెండోది మన ప్రభుత్వాలు ఇచ్చేవి. కేంద్రం 1954–55లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ప్రారంభించింది. ప్రస్తుతం ఏడాదికి 125 సీట్లు. అందులో 115 షెడ్యూల్డ్ కులాలకు, 6 సంచార, విముక్త జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షలు దాటకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వచ్చింది. తెలంగాణ 2016లో వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో విద్యానిధి పెట్టింది. సాయం 20 లక్షల రూపాయల వరకు ఉంటుంది.

2022లో కేంద్ర పథకం మార్గదర్శకాలు భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనాలను అంశాల జాబితా నుంచి తొలగించాయి. 1916 మేలో అంబేద్కర్ కొలంబియా సెమినార్‌లో చదివిన పత్రం భారతదేశంలో కులాల పుట్టుక గురించే. ఆ అంశంతో ఈ పథకానికి దరఖాస్తు చేస్తే ఇప్పుడు అర్హత ఉండదు. జీఎస్-2లో విశ్లేషణకు బలమైన ఉదాహరణ ఇది.

5. పాండేసర పరీక్ష

ఇప్పుడు బరోడా నుంచి రైల్లో రెండు గంటల దూరం దక్షిణంగా రండి. సూరత్ దక్షిణ అంచున పాండేసర. జీఐడీసీ పారిశ్రామిక వాడ, రంగుల అద్దకం మిల్లులు, మరమగ్గాల షెడ్లు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి చేనేత కుదేలైనప్పుడు తరతరాలుగా సూరత్ చేరిన నేతకార్మికుల బస్తీలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం పాఠశాలలు కూడా నడుపుతోందంటే సంఖ్య ఎంతో అర్థం చేసుకోవచ్చు. ఈ వ్యాసం రాస్తున్న నేను పెరిగింది ఇక్కడే, సాంచాల చప్పుడు మధ్య.

ఇక్కడ పుట్టి, ఇక్కడే ఇంజినీరింగ్ చేసి, విదేశంలో టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ ఎంఎస్‌కు సీటు తెచ్చుకున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. వాళ్ల నాన్న జనగామ వైపు పద్మశాలి. తెలంగాణ విద్యానిధి ఆ రాష్ట్రవాసులకు. ఆమె బడి, కాలేజీ, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం అన్నీ సూరత్‌వి. ఇక గుజరాత్‌లో అడిగితే కుల ధ్రువపత్రం దగ్గర ప్రశ్న మొదలవుతుంది: మీ మూలం ఏ రాష్ట్రం?

ఇది ఒక గుమాస్తా పెట్టే ఇబ్బంది కాదు, రాజ్యాంగం దాకా వెళ్లే విషయం. మర్రి చంద్రశేఖర రావు కేసు (1990) చదవండి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నతనంలోనే బొంబాయి చేరిన తెలుగు విద్యార్థి మహారాష్ట్రలో ఎస్టీ కోటాలో మెడికల్ సీటు కోరాడు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కాదంది. 341, 342 అధికరణల్లో "ఆ రాష్ట్రానికి సంబంధించి" అన్న మాట ఉంది కాబట్టి, ఒక రాష్ట్రంలోని హోదా మరో రాష్ట్రానికి వెంట రాదన్నది తీర్పు సారాంశం.

ఆ తర్కాన్ని కొట్టిపారేయలేం. వెనుకబాటుతనం స్థానికంగా ఏర్పడుతుంది. హద్దు తీసేస్తే స్థానిక పేదల వాటాను బయటి నుంచి వచ్చిన కాస్త మెరుగైనవారు తీసుకుపోవచ్చు. ముల్కీ ఉద్యమం, 371-డి అధికరణ పుట్టింది ఆ భయం నుంచే. కానీ నేతకార్మికుడు సూరత్ వచ్చింది హోదా పెంచుకోవడానికి కాదు, మగ్గం ఆగిపోయినందుకు. వెనుకబాటుతనం ఆయనతోపాటే రైలెక్కింది. దానికి మందుగా ఇచ్చిన హక్కు మాత్రం ఊళ్లోనే ఆగిపోయింది.

కేంద్ర పథకంలోని ఆ 4 సీట్ల సంగతి చూడండి. చేనేత మగ్గం మీద కూర్చున్న తాత సంప్రదాయ చేతివృత్తిదారు. అద్దకం మిల్లులో షిఫ్టు చేసే కొడుకు ఎవరు? కార్మికుడా, చేతివృత్తిదారా? మనవరాలి దరఖాస్తులో ఆ గడి ఎలా నింపాలి?

6. ముందుకు దారి

- ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద బియ్యం హక్కు కార్మికుడి వెంట వెళ్తోంది. విద్యా సాయానికీ అదే సూత్రం వర్తింపజేయవచ్చు. ఖర్చును మూల రాష్ట్రం, నివాస రాష్ట్రం పంచుకోవచ్చు.
- రాష్ట్ర విద్యానిధుల్లో వలస కార్మికుల పిల్లలకు కొద్ది సీట్లు కేటాయించవచ్చు. తల్లిదండ్రుల మూల ధ్రువపత్రం ఆధారంగా అర్హత చూడవచ్చు.
- చేతివృత్తి వదిలి మిల్లుకు మారిన కుటుంబాలకు ఒక తరం వరకు ఆ హోదా కొనసాగించవచ్చు.

ముగింపు

సరోజిని తండ్రి బెంగాల్ నుంచి వచ్చాడు. అంబేద్కర్ తండ్రి సైన్యం వెంట ఊళ్లు మారాడు. ఇద్దరికీ సాయం చేసిన ప్రభుత్వాలు వారి ఊరు కంటే వారి భవిష్యత్తును ఎక్కువగా చూశాయి. దయను హక్కుగా మార్చడం మన గణతంత్రం సాధించిన విజయం. ఆ హక్కును కదిలే మనిషితో కదిలేలా చేయడం ఇంకా మిగిలిన పని.

త్వరగా రివిజన్ కోసం: 1895 సరోజిని ఇంగ్లండ్ పయనం, 1913 బరోడా ఒప్పందం, 1919 ముల్కీ నిబంధనలు, 1926 ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1950 ఫుల్‌బ్రైట్ ఒప్పందం, 1954–55 నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, 1990 మర్రి చంద్రశేఖర రావు తీర్పు.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "సామాజిక న్యాయ పథకాల్లో స్థానికత ఒక రక్షణ, ఒక అడ్డుగోడ కూడా." అంతర్రాష్ట్ర వలస కార్మికుల పిల్లల ఉన్నత విద్య నేపథ్యంలో చర్చించండి. రెండు వైపులా రాసి, మీ నిర్ణయం చివరి పేరాలో స్పష్టంగా చెప్పండి.