‘వాంపైర్ అకాడమీ’ నవలల్లో బడి, కాపలా, ప్రేమ

యంగ్ అడల్ట్ పారానార్మల్ రొమాన్స్ మీద వచ్చిన విమర్శలో రక్తపిశాచానికి దక్కిన శ్రద్ధలో పదో వంతు కూడా బడికి దక్కలేదు. కోరలు, నెత్తురు, వాడని యవ్వనం మీద చర్చకు కొదవలేదు. ప్రేమికులిద్దరూ ఒకే ప్రహరీ లోపల ఎందుకున్నారు, గేటు తాళం ఎవరి చేతిలో ఉంది, ఏ వేళకు ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించేదెవరు అని అడిగినవాళ్లు అరుదు. బోర్డింగ్ స్కూలును కథాస్థలం కింద ఒక వాక్యంలో జమకట్టి దాటిపోతున్నారు. ఇందుకు చాలావరకు పమెలా రీజిస్ సిద్ధాంతమే కారణమని నా అభియోగం.

‘ఎ నేచురల్ హిస్టరీ ఆఫ్ ది రొమాన్స్ నావెల్’ (2003)లో రీజిస్ ప్రేమనవలకు ఎనిమిది అంగాలు తప్పనిసరి అన్నారు. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలోకి వచ్చింది ‘అడ్డంకి’. నాయికానాయకులను కలవనివ్వనిది బయట ఉన్నా మనసులో ఉన్నా అడ్డంకే. అది తొలగితే నాయికకు స్వేచ్ఛ. ప్రేమనవలలు చదివే స్త్రీలను చిన్నచూపు చూసే విమర్శకులకు ఆమె ఇచ్చిన జవాబును నేను గౌరవిస్తాను. కానీ ఆమె సూత్రం రిచర్డ్‌సన్ ‘పమెలా’ నుంచి ఆస్టిన్ మీదుగా నోరా రాబర్ట్స్ దాకా, పెద్దవాళ్ల పెళ్లిళ్ల కథల మీద కట్టింది. ‘ట్వైలైట్’ రావడానికి అప్పటికి ఇంకా రెండేళ్లుంది. ఆ సూత్రాన్నే తెచ్చి హాస్టల్లో ఉండే పదిహేడేళ్ల పిల్ల కథకు తొడిగితే వార్డెన్, నియమావళి, గురువు, శిక్ష అన్నీ ఒకే ‘అడ్డంకి’ ఖాతాలో పడిపోతాయి. అక్కడే అసలు విషయం చేజారుతోంది. ఈ నవలల్లో బడి ప్రేమకు అడ్డుపడటం నిజమే గాని, అంతకుముందే ఆ ప్రేమను పుట్టించింది కూడా ఆ బడే.

రిచెల్ మీడ్ ‘వాంపైర్ అకాడమీ’ వరస (2007–2010, ఆరు నవలలు) చూడండి. గార్డియన్ (కాపలాదారు) శిక్షణలో ఉన్న ధాంపిర్ (సగం మనిషి, సగం వాంపైర్) రోజ్, ఆమె కాపాడాల్సిన మోరోయ్ (ప్రాణమున్న వాంపైర్) స్నేహితురాలు లిస్సా రెండేళ్లు పారిపోయి పోర్ట్‌లాండ్‌లో పట్టుబడి, మోంటానాలోని సెయింట్ వ్లాదిమిర్స్‌కు తిరిగి వస్తారు. ప్రధానాధ్యాపకురాలు కిరోవా రోజ్‌ను బడి నుంచి పంపేయాలనుకుంటుంది. గార్డియన్ దిమిత్రి అడ్డుపడి, వెనకబడిన శిక్షణ తాను ఇస్తానంటాడు. షరతు ఏమిటంటే తరగతి, సాధన, గది తప్ప రోజ్ ఇంకెక్కడా కనిపించకూడదు. బడికి ముందు, బడి తర్వాత అదనపు సాధన. శిక్షగా వేసిన ఈ టైంటేబులే వాళ్లిద్దరికీ ఏకాంతం ఇచ్చింది. ఇది లేకపోతే వాళ్ల ప్రేమకు వేళా లేదు, చోటూ లేదు. ఇక్కడి ఇంటర్ హాస్టళ్లలో ఔటింగ్ పాసు కోసం వరసలో నిలబడ్డ ఆడపిల్లలకు ఈ సంగతి ఏ సిద్ధాంతమూ నేర్పనక్కర్లేదు.

తొలి పాఠాల్లో ఒకటి గమనించదగ్గది. స్ట్రిగోయ్ (మోరోయ్‌లను చంపే క్రూర వాంపైర్) ఎదురైతే ఏం చేస్తావని దిమిత్రి అడుగుతాడు. రోజ్ పోరాట పద్ధతులన్నీ ఏకరువు పెడుతుంది. సరైన జవాబు పరుగెత్తడం. వెంటనే ఆమె మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టాలి. పారిపోయి పట్టుబడ్డ పిల్లకు పరుగునే పాఠంగా పెట్టి, ఆ పరుగును బడి తన లెక్కలోకి తెచ్చుకుంటోంది.

జుట్టు ప్రస్తావన ఇంకా ముఖ్యం. దీన్ని విమర్శకులు చిన్న ముచ్చటగా వదిలేయడం నాకు బాధగా ఉంది. గార్డియన్ ఎన్ని స్ట్రిగోయ్‌లను చంపితే మెడ వెనక అన్ని మోల్నియా గుర్తులు పొడుస్తారు. అవి కనబడాలి గనక ఆడ గార్డియన్లు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటారు. రోజ్‌కు తన పొడుగు జుట్టంటే ప్రాణం. కత్తిరించొద్దు, పైకి ముడి వేసుకోమంటాడు దిమిత్రి. అతని అనురాగం మొదట బయటపడిన మాటల్లో ఇదొకటి. అందులో నియమాన్ని ధిక్కరించడం లేదు. మెడ వ్యవస్థకే, జుట్టు మాత్రం ఆమెకు. రెండో నవల ‘ఫ్రాస్ట్‌బైట్’ చివర ఆ మెడ మీద రెండు గుర్తులు పడతాయి. ఇతర ప్రేమనవలల్లో ఉంగరం తొడిగే చోట ఇక్కడ సూది దిగుతుంది.

ఇక అడ్డంకి. అతనికి ఇరవై నాలుగేళ్లు, పైగా గురువు; ఆ అభ్యంతరం న్యాయమైనదే. దిమిత్రి చెప్పే అసలు కారణం వేరు. రేపు ఇద్దరూ లిస్సాకు కాపలా కాయాలి. ఆపద మీదపడితే తాను లిస్సాను వదిలి రోజ్‌కు అడ్డం నిలబడతానని అతని భయం. ఇద్దరు ధాంపిర్లకు పిల్లలు పుట్టరు. కాబట్టి మోరోయ్‌లను కాపాడటానికి ఏర్పడ్డ ఆ వ్యవస్థకు వీళ్ల ప్రేమ వల్ల ఒరిగేదేమీ లేదు. మూడో నవల ‘షాడో కిస్’లో బడి చుట్టూ ఉన్న రక్షావలయం ఛేదించి స్ట్రిగోయ్‌లు లోపలికొస్తారు. బందీలను విడిపించే పోరులో దిమిత్రి వాళ్లకు చిక్కి స్ట్రిగోయ్‌గా మారతాడు. బడే అడ్డంకి అయితే, వలయం తెగినప్పుడు ప్రేమకు దారి దొరకాలి. ఇక్కడ వలయంతో పాటు ప్రేమికుడూ పోయాడు. పద్దెనిమిది నిండిన రోజ్ బడి మానేసి రష్యాకు బయలుదేరుతుంది, అతన్ని చంపడానికి.

ప్రేమికుడే కాపలాదారు కావడం మీడ్ ఒక్కరి కల్పన కాదు. రీజిస్ పుస్తకం వచ్చిన 2003లోనే లిబ్బా బ్రే ‘ఎ గ్రేట్ అండ్ టెరిబుల్ బ్యూటీ’ వచ్చింది. 1895లో బొంబాయి నుంచి ఇంగ్లండులోని స్పెన్స్ అకాడమీకి చేరిన జెమ్మా మీద కన్నేసి ఉంచడానికి ‘రక్షణ’ అనే సంఘం కార్తీక్‌ను పంపుతుంది. ఆమె మనసు పడేది అతని మీదే. లారెన్ కేట్ ‘ఫాలెన్’ (2009)లో సవానా దగ్గరి సంస్కరణ పాఠశాల నిండా కెమెరాలే. చూపులు కలవాలన్నా వాటి కిందే కలవాలి. తుల్సాలో సాగే ‘హౌస్ ఆఫ్ నైట్’ వరసలో నాయిక జోయీ ప్రేమలకు బడి పెద్దగా అడ్డు చెప్పదన్నది నిజం. అయినా పెద్ద వాంపైర్ల దగ్గర లేకపోతే అక్కడి పిల్లల ప్రాణమే నిలవదు. బడి దాటి బతుకు లేదని ఇంతకన్నా సూటిగా చెప్పిన నవల లేదు.

మీడ్ ముగింపును రీజిస్ సూత్రం అసలు వివరించలేదు. ‘లాస్ట్ శాక్రిఫైస్’లో లిస్సా రాణి అవుతుంది, రోజ్ ఆమెకు గార్డియన్. అప్పటికి మళ్లీ ధాంపిర్‌గా మారిన దిమిత్రిని లిస్సా ప్రియుడు క్రిస్టియన్‌కు గార్డియన్‌గా వేస్తారు. ఆ ఇద్దరూ కలిసుంటారు గనక ఈ ఇద్దరూ కలిసుండగలరు. మన ఉద్యోగుల మాటలో చెప్పాలంటే స్పౌజ్ కేటగిరీ పోస్టింగ్. కాపలా ధర్మం ఒక్క వెంట్రుకైనా సడలలేదు. మారిందల్లా ఎవరిని ఎవరు కాయాలన్నదే.

కాబట్టి ఈ శాఖ వంశవృక్షాన్ని 1897 నాటి ‘డ్రాక్యులా’ దగ్గర మొదలుపెట్టడం మానుకోవాలి. దాని మూలం అంతకు యాభై ఏళ్ల ముందు వచ్చిన ‘జేన్ ఎయిర్’లో, లోవుడ్ బడిలో ఉంది. అక్కడ ఆరేళ్లు విద్యార్థినిగా, రెండేళ్లు పంతులమ్మగా గడిపిన జేన్ కిటికీ దగ్గర నిలబడి మొదట స్వేచ్ఛ కోరుకుంటుంది. అది దొరకదనిపించి కనీసం మార్పు కోరుకుంటుంది. అదీ అందేలా లేదనిపించి, ఇంకో చోట కొలువు దొరికితే చాలనుకుంటుంది. రోజ్‌కు చివరికి దక్కింది కూడా అదే.