మస్కట్ రేవు, అరకు గింజ

మస్కట్‌లో మన వాళ్ళ ఇళ్ళలో ఈ మధ్య "పోర్ ఓవర్" అన్న మాట తరచుగా వినిపిస్తోంది. గాజు పాత్ర మీద గరాటు లాంటిది పెట్టి, లోపల కాగితం పరిచి, కాఫీ పొడి వేసి, సన్నటి ధారగా వేణ్ణీళ్ళు పోస్తారు. పిల్లలు ఇదేదో కొత్త విద్య అన్నట్టు చూపిస్తారు. "మన ఇత్తడి ఫిల్టరు చేసేదీ ఇదేగా" అని పెద్దవాళ్ళు మూతి విరుస్తారు.

ఈ వాదన పెట్టుకోవడానికి ఒమన్‌ని మించిన చోటు లేదనుకుంటాను. కాఫీ తాగడం 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీల దగ్గర బాగా వ్యాపించింది. రాత్రి ధ్యానంలో నిద్ర ముంచుకు రాకుండా తాగేవారట. తర్వాత మోఖా రేవు నుంచి గింజలు లోకమంతా వెళ్ళాయి. 18వ శతాబ్దంలో వాటిని గల్ఫ్ మీదుగా బస్రాకి చేరవేసిన వాళ్ళలో మస్కట్ ఓడల వాళ్ళు ముఖ్యులు. 1775లో పర్షియా పాలకుడు కరీం ఖాన్ సేన బస్రాని ముట్టడించింది. ఒమన్ ఇమాం అహ్మద్ బిన్ సయీద్ నౌకాదళాన్ని పంపాడు. ఆ ఓడలు నదికి అడ్డంగా కట్టిన ఇనుప గొలుసుని తెంచుకుని వెళ్ళాయని ఒమనీ చరిత్రకారులు రాశారు. బస్రా చేజారితే కాఫీ బేరం దెబ్బతింటుంది మరి! అయినా మరుసటి ఏడు బస్రా లొంగిపోయింది. ఇప్పటి సుల్తానుల వంశం ఆ ఇమాంతో మొదలైనదే.

ఇంత చేసిన ఒమనీలు గింజని వడకట్టరు, మరిగిస్తారు. లేతగా వేయించిన పొడిని ఏలకులతో మరగనిచ్చి, దల్లాలో పోసి, చిన్న ఫింజాన్‌లో కొంచెం కొంచెంగా ఇస్తారు. పాలు, పంచదార ఉండవు. తీపికి పక్కన ఖర్జూరమో, హల్వానో. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపాలి, లేకపోతే మళ్ళీ పోస్తారు. 2015లో అరబ్ కాఫీ మర్యాద యునెస్కో జాబితాలో చేరింది. ఒమన్ కూడా అందులో భాగస్వామి.

మరి కాగితం? జర్మనీలో డ్రెస్డెన్ ఊరి ఇల్లాలు మెలిట్టా బెంట్జ్ 1908లో కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం తీసి, చిల్లులు పొడిచిన గిన్నెలో వేసి కాఫీ వడకట్టింది. ఆ గిన్నె కూడా ఇత్తడిదే, పెద్దవాళ్ళు గమనించాలి.

తేడా మాత్రం ఉంది. మన ఫిల్టరులో పొడిని అదిమి గంటల తరబడి దించుతాం, ఎందుకంటే చిక్కటి డికాక్షన్ పాలకి తట్టుకోవాలి. పోర్ ఓవర్‌కి పొడి కాస్త బరక. 15 గ్రాములకి 250 మిల్లీలీటర్ల నీళ్ళు. ముందు కొంచెం పోసి అర నిమిషం ఆగితే పొడి పొంగుతుంది. మిగతావి మెల్లగా పోస్తే మూడు నిమిషాల్లో అయిపోతుంది. నూనె కాగితానికి అంటుకుంటుంది, కాఫీ తేటగా దిగుతుంది. పాలూ చికోరీ లేవు కాబట్టి గింజ మంచిదో కాదో దాచడానికి వీల్లేదు.

నాకు ముఖ్యంగా తోచేది ఇదే. తెలుగు నేల మీద కాఫీ 1898లో తూర్పు గోదావరి పాములేరు లోయలో మొదలై, తర్వాత విశాఖ మన్యానికి పాకింది. పోడు వ్యవసాయం చేసుకునే గిరిజన కుటుంబాలు మిరియాల తీగలు పాకిన చెట్ల నీడలో దాన్ని పెంచుతున్నాయి. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఆ పంటకి మంచి ధర రావాలంటే, తాగేవాళ్ళకి దాని రుచి విడిగా తెలియాలి. సగం చికోరీ కలిపిన పొడిలో అరకు ఏదో, ఇంకొకటేదో ఎవరు చెప్పగలరు? అందుకే పొద్దున ఇత్తడి ఫిల్టరు ఉండనివ్వండి, సాయంత్రం ఒక్కసారి కాగితం వెయ్యండి అంటాను.

మొన్న మా పక్కింటి ఒమనీ పెద్దాయనకి అరకు కాఫీ ఇలాగే పోసి, ఫింజాన్‌లో ఇచ్చాను. తాగి, బాగుందన్నారు. తర్వాత నెమ్మదిగా, "ఏలకులు మర్చిపోయినట్టున్నారు" అన్నారు.