ఆగిన బండిని నిలుపుట

బండిని ఆపుట వేరు. ఆపిన బండిని కదలకుండ నిలుపుట వేరు. ఆపునపుడు నడుపువాని కాలో చెయ్యో బ్రేకు మీద ఉండును. అతడు దిగి వెళ్లిన పిమ్మట బండి తనంత తానే నిలిచియుండవలెను. ఈ రెండవ పనికొక ప్రత్యేక సాధనము కావలెనని కార్లవారు తొందరగనే గుర్తించిరి. మోటారు సైకిలువారు గుర్తించుటకు మాత్రము చాల కాలము పట్టినది. కారణమేమో విచారింతము.

ఘాటు రోడ్డు మీద లారీ ఆగుట మేము పలుమారులు చూచితిమి. బండి పూర్తిగ ఆగకమునుపే క్లీనరు క్రిందికి దుమికి వెనుక చక్రమునకు చెక్కదిమ్మ ఒత్తు పెట్టును. చెక్క లేనిచో రోడ్డు ప్రక్కనున్న రాయియే ఒత్తు. ఎడ్లబండికిని అదే ఉపాయము. తొలినాటి మోటారు కార్లును ఇట్టి ఉపాయము మీదనే ఆధారపడెను. చక్రపు డ్రమ్మును వెలుపలినుండి పట్టీతో బిగించు నాటి బ్రేకులు ముందుకు పోవు బండిని బాగుగనే పట్టెడివి. మిట్ట మీద బండి వెనుకకు జారునపుడు వాటి పట్టు సడలెడిది. అందుచే కారు అడుగున ఒక ఇనుప గడను వ్రేలాడదీసెడివారు. ఎత్తు ఎక్కునపుడు దానిని క్రిందికి వదలినచో, కారు వెనుకకు జారగనే గడ మొన నేలలో గ్రుచ్చుకొనెడిది.

1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారులో చేతి లివరు రెండు పనులు చేసెడిది. దానిని పూర్తిగ వెనుకకు లాగినచో వెనుక చక్రములకు బ్రేకు పడెడిది. ఇంజనుకును చక్రములకును నడుమ సంబంధము తెగెడిది. ఆ దినములలో కారు ముందర నిలిచి, హ్యాండిలు త్రిప్పి ఇంజనును లేపవలెను. లివరు లాగుట మరచినచో, లేచిన కారు యజమాని మీదికే నడచి వచ్చు ప్రమాదముండెను. ఈ విధముగ చేతి బ్రేకు కారునకు ప్రాణరక్షణ సాధనమైనది.

మోటారు సైకిలునకు ఈ అవసరము కనబడలేదు. ఇంజను ఆపి, మొదటి గేరులోనే బండిని వదలినచో, వెనుక చక్రము గొలుసు ద్వారా ఇంజనుతో ముడిపడియుండును. చక్రము తిరుగవలెనన్న పిస్టను కదలవలెను. పిస్టను కదలవలెనన్న సిలిండరులోని గాలిని నొక్కవలెను. ఆ గాలియే బండిని పట్టియుంచును. బండి ముందు చక్రము మిట్టవైపు ఉండునట్లు పెట్టి, ప్రక్క స్టాండు వేసినచో చాలును. పల్లమువైపు పెట్టినచో అపాయము; ఏలయనగా బండి ముందుకు కదలినచో స్టాండు మడతపడి పోవును. ఎవరును ప్రత్యేకముగ అమర్చని ఈ బ్రేకు, గేరు వెనుక దాగియుండి, ఎన్నో దశాబ్దములు తన పని తాను చేసినది.

పిమ్మట దూరప్రయాణముల మోటారు సైకిళ్లు బరువెక్కినవి. హోండా కంపెనీ 1974లో జర్మనీలోని కొలోన్ ప్రదర్శనలో గోల్డ్ వింగ్ అను బండిని చూపెను. 1988లో వచ్చిన దాని ఆరు సిలిండర్ల రూపమును మనిషి వెనుకకు నెట్టుట కష్టమై, స్టార్టరు మోటారుతోనే వెనుకకు నడుపు ఏర్పాటు చేసిరి. 2018 నాటి గోల్డ్ వింగ్ టూర్ సుమారు 380 కిలోలు తూగును. పది అడుగులకు ఒక అడుగు ఎత్తుగల వాలు మీద అట్టి బండిని నిలిపినచో, దానిని క్రిందికి లాగు బలము సుమారు 38 కిలోల బరువుతో సమానము. పెట్టెలలోని సామాను దీనికి అదనము.

ఇదే కాలమున గేరు మార్చు శ్రమ లేని బండ్లు వచ్చినవి. మన వీథులలో 2001 నుండి తిరుగుచున్న యాక్టివా స్కూటరునే చూడుడు. ఇంజను వేగమందుకొన్న తరువాతనే దాని క్లచ్చి పట్టును. ఇంజను ఆగినచో చక్రమునకు పట్టు లేదు. అందుకే ఎడమచేతి బ్రేకు లివరును నొక్కిపట్టియుంచుటకు ఒక చిన్న కొక్కెము పెట్టిరి. 2002లో వచ్చిన సుజుకీ బర్గ్‌మన్ 650 అను పెద్ద స్కూటరునకు ప్రత్యేకమైన పార్కింగు బ్రేకునే అమర్చిరి. 2010లో హోండా రెండు క్లచ్చిల పద్ధతిని వి.ఎఫ్.ఆర్. 1200 బండిలో ప్రవేశపెట్టెను. ఆ క్లచ్చిలను బిగించునది నూనె ఒత్తిడి. ఇంజను ఆగగనే ఒత్తిడి పోవును, రెండు క్లచ్చిలును విడిపోవును, గాలి పట్టు చక్రమును చేరదు. కావున ఆ బండికిని, 2016 నాటి ఆఫ్రికా ట్విన్ బండికిని, 2018 నాటి గోల్డ్ వింగునకును, ఈ పద్ధతిగల రకములలో పార్కింగు బ్రేకు తప్పనిసరియైనది. 2012లో బి.ఎం.డబ్ల్యు. వారు సి 650 జి.టి. స్కూటరులో స్టాండు దింపగనే బ్రేకు పడునట్లు చేసిరి. మరపునకు అదియే మందు.

పాత బండికి పార్కింగు బ్రేకును అమర్చుకొను ఉత్సాహవంతులును కలరు. కొందరు ముందు బ్రేకు లివరును రబ్బరు పట్టీతో బిగించి ఊరకుందురు. కొంతసేపటికి అది చాలును. రాత్రి యంతయు నమ్మదగినది కాదు. బ్రేకు గొట్టములోని ద్రవపు ఒత్తిడి మెల్లగ తగ్గవచ్చును. దూరము వచ్చిన బండి డిస్కు వేడిగనుండును. అది చల్లారి ముడుచుకొనినపుడు పట్టు మరికొంత సడలును. కార్ల విషయమున అంతర్జాతీయ నిబంధనలు, పార్కింగు బ్రేకును బిగించియుంచునది కేవలము యాంత్రికమైన కట్టుగ ఉండవలెనని విధించినది ఇందుకే. అనగా తీగ, లివరు, జారనీయని పండ్ల బద్ద. ఆఫ్రికా ట్విన్ వెనుక డిస్కునకు ఇట్టి తీగతో పనిచేయు రెండవ పట్టునే అమర్చిరి.

అమర్చుకొనువారు మరి రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. నడిమి స్టాండు వేసినపుడు వెనుక చక్రము నేలనుండి లేచును గావున, ఆ చక్రపు బ్రేకు అప్పుడు కొరగాదు. బ్రేకు విప్పుట మరచి బయలుదేరినచో డిస్కు కాగిపోవును. కావున కంటి ఎదుట ఒక హెచ్చరిక దీపముండుట మేలు.

గేరు మార్చు శ్రమను తగ్గించుకొన్నపుడు, ఆ గేరు చాటున ఉచితముగ జరుగుచుండిన కాపలాను కూడ మనము పోగొట్టుకొంటిమి. పార్కింగు బ్రేకు దానిని మరల తెచ్చినది. ఏ బండియైనను సరే, వాలు మీద నిలిపి దిగినపుడు, పల్లమువైపు ఒక్కసారి మెల్లగ నెట్టి చూచి, కదలదని తెలిసిన పిమ్మటనే వెళ్లుడు. ఆ పల్లమున ఎవరి పిల్లలో ఆడుకొనుచుండవచ్చును.