చక్రాల మీద నర్సు: అమెరికా ఆర్‌వీ నుంచి మన 104 బండి దాకా

ఈ ఎపిసోడ్ మన గోదావరిఖని నుంచే చేస్తున్నా. వెనక ఏదైనా హారన్ వినబడితే ఏమనుకోకండి, బొగ్గు లారీల రోడ్డు పక్కనే ఉంది.

కొన్నాళ్లుగా మీ ఫోన్లలో ఒక రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అమెరికాలో ఒక నర్సు. ఆమె ఇల్లు ఒక పెద్ద బండి. దాన్ని ఆర్‌వీ అంటారు. లోపల మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. మూడు నెలలు ఒక ఊళ్లో డ్యూటీ, ఆ తర్వాత బండి స్టార్ట్ చేసి ఇంకో రాష్ట్రం. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చేస్తున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు ఆ వీడియోలు నాకు పంపి, "అన్నా, ఇది నిజమేనా?" అని అడుగుతున్నారు.

నిజమే. కానీ నర్సు, బండి, బొగ్గు, ఈ మూడూ కలిసిన చరిత్ర మనకూ ఉంది. అది ఆ వీడియోల్లో రాదు. ఈ రోజు అదే చెప్పుకుందాం.

ముందు అమెరికా సంగతి. ట్రావెల్ నర్సింగ్ 1970ల చివర్లో న్యూ ఓర్లీన్స్‌లో మొదలైందని చెప్తారు. అక్కడ మార్డి గ్రా అని పెద్ద పండగ. లక్షల మంది వస్తారు, ఊళ్లో ఉన్న నర్సులు చాలరు. అందుకని బయట ఊళ్ల నుంచి కొన్ని వారాల కోసం నర్సుల్ని పిలిచారు. మనకు ఇది కొత్త విషయమేం కాదు. మేడారం జాతరప్పుడు వేరే జిల్లాల నుంచి డాక్టర్లను, సిస్టర్లను డ్యూటీకి పంపరా? 2015 గోదావరి పుష్కరాలప్పుడు ఘాట్ల దగ్గర క్యాంపులు పెట్టలేదా? అదే పద్ధతి. తేడా ఏంటంటే, మన దగ్గర అది సర్కారు వేసే డ్యూటీ. వాళ్ల దగ్గర అది ఏజెన్సీలు నడిపే వ్యాపారం అయింది.

అక్కడ మామూలు కాంట్రాక్టు 13 వారాలు. జీతంతో పాటు ఇంటికి, తిండికి అలవెన్సు ఇస్తారు. అద్దె కట్టే బదులు సొంత బండిలో ఉంటే ఆ డబ్బు మిగులుతుంది కదా అనేదే ఆర్‌వీ లెక్క. కరోనా టైంలో, 2020, 2021లో, ట్రావెల్ నర్సుల రేట్లు బాగా పెరిగాయి. వీడియోలు కూడా అప్పుడే ఎక్కువయ్యాయి.

ఆ వీడియోల్లో చెప్పని మెలిక ఒకటుంది. అక్కడి పన్నుల రూల్ ప్రకారం, నీకు వేరే చోట ఒక పక్కా ఇల్లు ఉండి, దాని ఖర్చు నువ్వు భరిస్తూ, పని కోసం ఇంకో చోట ఉంటేనే ఆ అలవెన్సుకు పన్ను ఉండదు. నీకున్నదంతా ఆ బండే అయితే, నువ్వు ఎక్కడ పనిచేస్తే అదే నీ ఇల్లు కింద లెక్క. అప్పుడు అలవెన్సు మీద కూడా పన్ను పడుతుంది. అంటే చక్రాల మీద బతుకు అన్నా, పన్నుల శాఖ మాత్రం "నీ ఇల్లెక్కడ?" అని అడుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఇటు రండి. మన బెల్టులో కథ దీనికి పూర్తిగా ఉల్టా.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కులు వచ్చాయి. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. బొగ్గు ఎక్కడుంటే అక్కడికి కంపెనీ పోయింది. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, తర్వాత 1960ల నుంచి మన రామగుండం. బాయి వెంట క్వార్టర్లు, క్వార్టర్ల వెంట దవాఖాన. మన గోదావరిఖని పేరే చూడండి. గోదావరి, ఖని. నది పక్కన గని, అంతే. బాయి లేకపోతే ఈ ఊరికి ఆ పేరే లేదు.

అమెరికా నర్సు ఇంటిని పని దగ్గరికి తోలుకుపోతుంది. మన దగ్గర పని పక్కన కంపెనీయే ఇల్లు కట్టి ఇచ్చింది. కానీ ఆ ఇల్లు మనది కాదు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. మా నాన్న బాయి పనే. క్వార్టర్ గోడలకు సున్నం వేయించిన ప్రతిసారీ మా అమ్మ అనేది, "ఎన్ని రంగులేసినా మనది గాదు బిడ్డా" అని. ఆర్‌వీ కథకు ఇది ఇంకో వైపు. ఒకచోట ఇల్లు మనది, ఊరు మనది కాదు. ఇంకోచోట ఊరు మనది, ఇల్లు మనది కాదు.

సరే, మరి దవాఖాన? కంపెనీ దవాఖాన కంపెనీ మనిషికి, అతని కుటుంబానికి. క్వార్టర్ల అవతల ఉన్న పల్లెల సంగతి? ఇక్కడి నుంచే అసలు కథ.

చక్రాల మీద వైద్యం మన దగ్గర మూడు రకాలుగా వచ్చింది. ఒక్కోటి ఒక్కో రోగానికి.

మొదటిది రైలు. 1991 జూలై 16న లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ అని ఒక ఆస్పత్రి రైలు బయల్దేరింది. ఇంపాక్ట్ ఇండియా ఫౌండేషన్, భారతీయ రైల్వే కలిసి చేసిన పని. లోపల ఆపరేషన్ థియేటర్ ఉంటుంది. ఒక స్టేషన్‌లో కొన్ని వారాలు ఆగుతుంది, కంటి శుక్లాలు, గ్రహణం మొర్రి, పోలియో కాళ్లు, చెవి ఆపరేషన్లు చేస్తుంది. సిబ్బంది ఉండటానికి, వండుకోవడానికి చోటు కూడా అందులోనే. మన దేశంలో ఆర్‌వీ నర్సుకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ ఇదే. ఒక్కసారి చేస్తే సరిపోయే ఆపరేషన్‌కు ఈ పద్ధతి బంగారం.

రెండోది 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. పెట్టింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక దాని నిర్వహణ జీవీకే చేతికి పోయింది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకు సత్యం అంటే స్కామ్ గుర్తొస్తది, మా ఊరోళ్లకు కుయ్ కుయ్ మనే బండి గుర్తొస్తది. పిలిస్తే వచ్చే బండి అది. యాక్సిడెంట్, పాము కాటు, కాన్పు నొప్పులు, వీటికి అది.

మూడోది 104. దీని గురించి ఎవరూ రీల్స్ చేయరు. కానీ నాకు అన్నిటికంటే తెలివైన ఆలోచన ఇదే అనిపిస్తుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ బండ్లు రోడ్డెక్కాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడు కిలోమీటర్ల కంటే దూరంగా ఉన్న ఊళ్లకు నెలకోసారి, ఒకే తారీఖున బండి రావాలి. బండిలో డ్రైవర్, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్ఎం సిస్టర్లు. మొదట్లో డాక్టర్ కూడా లేరు. గర్భిణుల్ని చూడటం, బీపీ, షుగర్ పరీక్ష చేసి నెలకు సరిపడా గోలీలు ఇవ్వడం వాళ్ల పని.

మా అమ్మమ్మ వాళ్ల ఊరికి ఈ బండి వచ్చేది. అమ్మమ్మ ఆధార్ కార్డు ఎక్కడ పెట్టిందో మర్చిపోయేది గానీ, బీపీ పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలానికి వేలాడదీసేది. బండి వచ్చే రోజు పత్తి ఏరడానికి కూడా పోయేది కాదు. సిస్టర్ పేరు కూడా ఆమెకు తెలుసు. "పోయిన నెల గోలీలు మింగినవా లేదా?" అని సిస్టర్ దబాయిస్తే, సొంత బిడ్డ దబాయించినట్టు నవ్వేది.

అక్కడే ఉంది పాయింట్. 104లో కొత్తదనం బండి కాదు, తారీఖు.

బీపీ, షుగర్ ఒక్క రోజులో తగ్గే రోగాలు కావు. మందు ఆగితే రోగం మళ్లీ లేస్తుంది. దానికి ఎంత పెద్ద డాక్టర్ వచ్చాడన్నది తర్వాతి మాట. వచ్చే నెల కూడా వస్తారా అన్నది ముందు మాట. 13 వారాలు ఉండి వెళ్లిపోయే నర్సు ఆస్పత్రిలో ఖాళీని నింపుతుంది. అది కూడా అవసరమే, నేను కాదనను. కానీ దీర్ఘ రోగానికి తిరిగి వచ్చే మనిషే సగం వైద్యం.

ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. అమెరికాలోనే ఇంకో బొగ్గు బెల్టు ఉంది, కెంటకీ రాష్ట్రం తూర్పు భాగం. 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు అక్కడ లెస్లీ కౌంటీలో ఒక సేవ మొదలుపెట్టింది. ఆమె తన ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్న తల్లి. తర్వాత దాని పేరు ఫ్రంటియర్ నర్సింగ్ సర్వీస్ అయింది. రోడ్లు లేని కొండలు, అందుకని నర్సులు గుర్రాల మీద తిరిగేవాళ్లు. కానీ వాళ్లు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మకాం మార్చుతూ పోలేదు. కొండల మధ్య చిన్న చిన్న కేంద్రాలు కట్టుకుని, అక్కడే ఉండి, చుట్టూ కొన్ని మైళ్లలో ఉన్న ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లారు. కాన్పుకు ముందు, కాన్పుకు, కాన్పు తర్వాత. అంత పేద ప్రాంతంలో తల్లుల మరణాలు అమెరికా సగటు కంటే చాలా తక్కువకు వచ్చాయి. 1940ల నుంచి గుర్రాల స్థానంలో జీపులు వచ్చాయి. వాహనం మారింది గానీ తిరిగి వెళ్లే పద్ధతి మారలేదు.

బొగ్గు ఊళ్లకు రెండు రకాల కీడు ఉంటుంది. ఒకటి ఒక్కసారిగా వచ్చేది. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది పోయారు. అదే కెంటకీలో, లెస్లీ కౌంటీలో, 1970 డిసెంబర్ 30న గనిలో పేలుడు జరిగి 38 మంది పోయారు. ఇవి పేపర్లలో వస్తాయి, బోర్డుల మీద పేర్లు రాస్తారు. రెండోది మెల్లగా వచ్చేది. ఊపిరితిత్తుల్లో దుమ్ము. ఏళ్ల తరబడి పేరుకుంటుంది, దగ్గుతో మొదలవుతుంది, సైరన్ మోగదు.

ఆ రెండో కీడుకు కూడా మందు తారీఖే. గనుల రూల్స్ 1955 ప్రకారం, చేరినప్పుడు ఒక వైద్య పరీక్ష, తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్ష. మన వాళ్లు పీఎంఈ అంటారు చూడండి, అదే. ఛాతీ ఎక్స్‌రే తీసేది ఎందుకు? పోయినసారి దానితో పోల్చడానికి. ఒక్క ఎక్స్‌రే ఒక ఫొటో మాత్రమే. ఐదేళ్ల తేడాతో రెండు ఉంటే అది సాక్ష్యం. గనిలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా పర్మినెంట్ కార్మికులు ఉండేవాళ్లు, ఇప్పుడు దాదాపు 40 వేలు. మిగతా పనిలో చాలా భాగం కాంట్రాక్టు మనుషుల మీద నడుస్తుంది. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఆ మనిషి కొత్తవాడైపోతే, పాత ఎక్స్‌రే ఎవరి దగ్గరుంటుంది?

ఇప్పుడు ఇదే ప్రశ్న సిస్టర్ వైపు నుంచి చూడండి. 104లో పనిచేసిన వాళ్లు కూడా కాంట్రాక్టు మీదే. జీతాలు సరిగ్గా అందక ధర్నాలు చేసిన రోజులున్నాయి. సిస్టర్ జీతం ఆగితే బండి ఆగుతుంది, బండి ఆగితే తారీఖు తప్పుతుంది, తారీఖు తప్పితే ఎక్కడో ఒక ముసలామెకు గోలీ తప్పుతుంది. అది ఏ ప్రమాదాల లెక్కలోకీ రాదు.

తర్వాత ఏమైంది? రాష్ట్రం విడిపోయాక రెండు దారులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న 108, 104 కలిపి 1,088 కొత్త బండ్లు తీశారు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ అని పెట్టి, 104తో పాటు డాక్టర్ నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నారు. తెలంగాణలో 104 బండ్లు పక్కకు జరిగి, పల్లె దవాఖానలు వచ్చాయి. బీపీ, షుగర్ మందులు ఏఎన్ఎం, ఆశా అక్కల ద్వారా ఇంటికి చేర్చే పద్ధతి వచ్చింది. మన రామగుండంలో 2022 నవంబర్ 15న సింగరేణి నిధులతో మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. పెద్ద బిల్డింగ్ మంచిదే. బండి మంచిదా, బిల్డింగ్ మంచిదా అని కొట్లాడాల్సిన పని లేదు. రెంటినీ ఒకే ప్రశ్న అడగండి. నెల తర్వాత అదే పేషెంట్‌ను మళ్లీ ఎవరు చూస్తారు?

నర్సింగ్ చదువుతున్న వాళ్లకు ఒక మాట. పోవాలనుంటే పోండి. జర్మనీకో, జపాన్‌కో టామ్‌కామ్ ద్వారా, అమెరికాకు పరీక్షలు రాసి. మన కరీంనగర్, పెద్దపల్లి వైపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు దుబాయ్, మస్కట్ పోయినోళ్లే, పోవడం మనకు తప్పు కాదు. కానీ కాంట్రాక్టు సంతకం పెట్టే ముందు ఈ మూడు అడగండి. మధ్యలో రద్దు చేస్తే నాకేం వస్తుంది? అలవెన్సు మీద పన్ను ఉందా? ఉండే చోటు ఎవరి పేరు మీద ఉంటుంది? ఈ మూడో ప్రశ్న క్వార్టర్లలో పెరిగిన మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక చూస్తున్న అందరికీ ఒక చిన్న పని. ఇవాళ ఇంటికి ఫోన్ చేసి, నాన్న ఆఖరి పీఎంఈ ఎప్పుడైంది, ఆ ఎక్స్‌రే ఎక్కడుంది, అమ్మ బీపీ గోలీలు ఏ తారీఖు దాకా ఉన్నాయి అని అడగండి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. మీ ఊరికి 104 వచ్చిన రోజులు గుర్తుంటే, అది ఏ తారీఖున వచ్చేదో కామెంట్‌లో రాయండి. ఊరి పేరు, తారీఖు చాలు. అన్నీ కలిపి ఒక మ్యాప్ తయారు చేసి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటా మరి.